విజిటర్ కార్డా, క్యూఆర్ కోడా? పేరు రాయించుకునే ముందు ఆలోచించాల్సినవి

బ్రదర్, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హనుమకొండ పక్కన మీ సంఘానికి ఆదివారం నూటయాభై మంది దాకా వస్తారు. క్రిస్మస్‌కి ముందు, కొత్తగా వచ్చినవాళ్లు తమ వివరాలు రాసిచ్చే విజిటర్ కార్డులు వెయ్యి ప్రింట్ చేయించారు. రెండు వైపులా నిగనిగలాడే కాగితం, రంగుల ఫొటో, పన్నెండు గడులు. నాలుగు నెలల్లో నిండినవి పదకొండే, అందులో మూడు నంబర్లు కలవలేదు. యూత్ వాళ్లు కార్డులు తీసేసి క్యూఆర్ కోడ్ పెడదామంటున్నారు, పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఏది మంచిదో చెప్పమన్నారు.

నేను కాజీపేటలో ఉంటాను. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా సంఘంలో కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫోన్ చేయడం, పిలిస్తే ఇంటికి వెళ్లడం 2003 నుంచి నా పని. రైల్వే ట్రాన్స్‌ఫర్ల మీద వచ్చేవాళ్లు, నిట్‌లో, కాకతీయ యూనివర్సిటీలో చదివే పిల్లలు, ఎంజీఎం ఆసుపత్రిలో మనిషిని చేర్పించి వారం రోజులు ఇక్కడే ఉండిపోయే ములుగు, భూపాలపల్లి వాళ్లు మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే రాస్తున్నాను.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. కలిసిన ఎనిమిది నంబర్లకి ఎవరు ఫోన్ చేశారు, ఎన్నో రోజున చేశారు, వాళ్లేమన్నారు? నాకు అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే. పేరు రాసిచ్చిన మనిషికి రెండు రోజుల్లో సంఘం నుంచి ఒక గొంతు వినిపించకపోతే కార్డు ఉన్నా క్యూఆర్ కోడ్ ఉన్నా ఫలితం ఒకటే. వాళ్లు పక్కింటివాళ్లతో "రాయించుకున్నారు గానీ మళ్లీ అడగలేదు" అంటారు. ఆ మాట విన్నాక రెండోవాళ్లు పెన్ను పట్టుకోరు. మీ కార్డులు నిండకపోవడానికి ఇది పెద్ద కారణమై ఉంటుందని నా అనుమానం.

రెండో కారణం భయం. దీని గురించి మన సంఘాల్లో గట్టిగా మాట్లాడుకోం గానీ మాట్లాడుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, తర్వాత చేర్చిన సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. కూతురి ఇంజనీరింగ్ సీటు, కొడుకు ఉద్యోగం ఎస్సీ హోదాతో ముడిపడి ఉన్న తల్లి, మందిరం పేరున్న కాగితం మీద తన పేరు, ఊరు, ఇంటి నంబరు రాయమంటే ఆగుతుంది. పక్క కులాల నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చునే కోడళ్లకి అత్తింటి భయం. వాళ్ల నిర్ణయం మంచిదా కాదా అని తీర్పు చెప్పడం కార్డు పట్టుకున్న మన పని కాదు. మన పని ఆ భయాన్ని పెంచకుండా ఉండడం. మీ పన్నెండు గడుల్లో కులం, బాప్తిస్మం అయిందా లేదా, ఇదివరకు ఏ సంఘం, నెల ఆదాయం అని ఉన్నాయి. ఆదాయం ఎందుకు బ్రదర్? ఆ నాలుగూ ఈ రోజే తీసేయండి.

మా కార్డులో ఇప్పుడు నాలుగే ఉన్నాయి. ఏమని పిలవాలి. ఫోన్ నంబరు, అది ఎవరి దగ్గర ఉంటుంది. ఏ వేళలో చేస్తే మీకు ఇబ్బంది ఉండదు. దేని కోసం ప్రార్థన చేయమంటారు. "పేరు" అని కాకుండా "ఏమని పిలవాలి" అని పెట్టాక చాలామంది ఇంటిపేరు లేకుండా రాస్తున్నారు, మాకు అది చాలు. రెండో గడి మాకు చాలా ఆలస్యంగా తట్టింది. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు భర్త గల్ఫ్‌లో, ఫోన్ మామగారి చేతిలో, లేదా ఇంటర్ చదివే కొడుకు దగ్గర. ఆమె రాసిచ్చింది నిజంగా ఆమె నంబరేనని అనుకుని ఫోన్ చేసి "సిస్టర్, మందిరం నుంచి" అని మొదలుపెడితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలియదు. అందుకే మేం ఫోన్ ఎత్తినవాళ్లు ఎవరో తెలిసేదాకా మందిరం మాట ఎత్తం. ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు, ఇందులో మినహాయింపు లేదు, పాస్టరుగారికి కూడా.

కాగితం సంగతి చిన్నదే అయినా చెప్పాలి. నిగనిగలాడే కాగితం మీద బాల్‌పెన్ జారిపోతుంది, రాసింది వేలికి అంటుకుపోతుంది. మీ మూడు నంబర్లు కలవకపోవడానికి అదీ కారణం కావచ్చు. మెరుపు లేని కాగితం, ఏ4 షీటుని నాలుగు ముక్కలు చేసిన సైజు, ఒకే రంగు సిరా చాలు. ఫోన్ నంబరుకి పది చిన్న గళ్లు గీయించండి. ఒక అంకె తక్కువైతే రాసేవాళ్లకే కనిపిస్తుంది. కార్డుల పక్కన పెన్నులు పెట్టండి, ప్రతి వారం పెట్టండి, ఎందుకంటే ప్రతి వారం పోతాయి.

ఇక అడిగే పద్ధతి. "ఈ రోజు కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అంటారా మీ దగ్గర? మా దగ్గర చాలా ఏళ్లు అన్నాం, ప్రేమతోనే అన్నాం, చప్పట్లు కూడా కొట్టాం. నూటయాభై మంది తిరిగి చూస్తుంటే నిలబడ్డ మనిషి చెమటలు పట్టి కూర్చుంటుంది. ఇప్పుడు ఆరాధన చివర్లో కార్డు అందరికీ ఇస్తాం. పాతవాళ్లు ప్రార్థన విన్నపాలు దాని మీదే రాస్తారు. అందరూ రాస్తుంటే కొత్తవాళ్లు కూడా రాస్తారు, వద్దనుకుంటే ఖాళీగా మడిచి కానుకల సంచి పక్కనున్న పెట్టెలో వేస్తారు, ఎవరికీ తెలియదు. చదవడం రాయడం రానివాళ్ల గురించి మరీ జాగ్రత్త. కార్డు చేతికిస్తే "కళ్లద్దాలు తేలేదమ్మా" అంటారు. అది కళ్లద్దాల మాట కాదని గ్రహించి, పక్కన కూర్చుని "నేను రాస్తాను, మీరు చెప్పండి" అనే మనిషి ఒకరు ఉండాలి. మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లకి లంబాడీ మాట్లాడే అమ్మాయిని కూర్చోబెట్టాం, అప్పటినుంచి వాళ్లు తిరిగి వస్తున్నారు. ఆ అమ్మాయి కార్డు రాసే పదినిమిషాల్లో వాళ్ల మనవళ్ల పేర్లు కూడా తెలుసుకుంటుంది. ఏ ఫారం ఆ పని చేయలేదు.

క్యూఆర్ కోడ్ పెట్టొద్దని నేను అనను. హాస్టల్ పిల్లలు, నర్సులు, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లు కార్డు ముట్టుకోరు గానీ ఫోన్ తీసి రెండు నిమిషాల్లో నింపుతారు. మా దగ్గర మొదటిసారి గోడ మీద క్యూఆర్ కోడ్ పెట్టినప్పుడు జరిగింది చెబుతాను. ఒక పెద్దాయన ఫోన్‌పేతో స్కాన్ చేసి, కోడ్ చెల్లదని వస్తే, "నా కానుక వెళ్లడం లేదు" అని బాధపడ్డాడు. ఇంకో కుటుంబం మొదటి రోజే డబ్బులు అడుగుతున్నారనుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. కిరాణా కొట్టులో, కూరగాయల బండి మీద, ఎక్కడ చూసినా ఆ నలుపు తెలుపు గళ్లంటే మన జనానికి డబ్బు కట్టడమే. కాబట్టి కానుకల క్యూఆర్ ఉన్న గోడకి ఇది పెట్టకండి. పైన పెద్ద అక్షరాల్లో "ఇది డబ్బు కోసం కాదు, మీతో మాట్లాడడం కోసం" అని రాయించండి, కింద "ఫోన్ కెమెరాతో చూడండి" అని ఉండాలి. మేం అదే చేశాం. ఆ తర్వాత ఆ పెద్దాయనే పక్కవాళ్లకి చూపిస్తున్నాడు.

కోడ్ తయారు చేసేటప్పుడు ఒక మోసం ఉంది. ఉచితం అని చెప్పే కొన్ని సైట్లు తమ లింకు మీదుగా వెళ్లే కోడ్ ఇస్తాయి. గడువు అయ్యాక డబ్బు కడితేనే పని చేస్తుంది. ఈలోపు మీరు పోస్టర్లన్నీ ప్రింట్ చేయించి ఉంటారు. లింకునే నేరుగా కోడ్‌గా మార్చేది తీసుకుంటే దానికి గడువు ఉండదు, క్రోమ్ బ్రౌజర్‌లోనే షేర్ నొక్కి చేసుకోవచ్చు. సైజుకి ఒక లెక్క ఉంది: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు. చేతిలో కార్డు మీద రెండు మూడు సెంటీమీటర్లు చాలు, స్క్రీన్ మీద చూపించి పది మీటర్ల వెనక కూర్చున్నవాళ్లని స్కాన్ చేయమంటే మీటరు వెడల్పు కావాలి. గూగుల్ ఫారంలో అవే నాలుగు ప్రశ్నలు తెలుగులో పెట్టండి. సెట్టింగ్స్‌లో "ఒక్కసారే జవాబు" అనేది ఆన్ చేస్తే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమంటుంది, అక్కడే సగంమంది వదిలేస్తారు. అది ఆపేయండి. జవాబులు పడే షీటు ముగ్గురికే కనిపించాలి. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

ఫారం కన్నా మాకు బాగా పనికొచ్చింది సంఘం పేరుతో విడిగా ఒక సిమ్. పాస్టరుగారి సొంత నంబరు కాదు. ఆ సిమ్ మీద వాట్సాప్ బిజినెస్ పెట్టాం, అది కూడా ఉచితమే. చిన్న ఫోన్ ఉన్నవాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మేమే చేస్తాం. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకి, నొక్కగానే మా చాట్ తెరుచుకుని "వందనాలు, ఈ రోజు ఆరాధనకు వచ్చాను" అని ముందే రాసి ఉండే లింకు ఇస్తాం. వాళ్లు పంపడమే మిగులుతుంది. ఇందులో ఇంకో మేలు ఉంది. ముందు వాళ్లే మనకి మెసేజ్ పెట్టారు కాబట్టి మన జవాబు వాళ్లకి కొత్త నంబరు నుంచి వచ్చిన గొడవలా అనిపించదు. టైపు చేయడం రాని పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్ పెడతారు. మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి మిర్చి రేటు దాకా అన్నీ చెబుతారు, వినాలి. పాస్టరమ్మగారు వాయిస్‌లోనే చిన్న ప్రార్థన పంపిస్తారు, దాన్ని వాళ్లు పదిసార్లు వింటారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, మీరు చేయకుండా ఉండడానికి. 2017లో కార్డుల మీది నంబర్లన్నీ ఒక వాట్సాప్ గ్రూపులో వేశాను. ఎవరినీ అడగలేదు, మంచి పనే అనుకున్నాను. గ్రూపులో ఉన్న ప్రతివాళ్లకీ మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు. పిల్లలు లేరని బాధపడే ఒక చెల్లి ప్రార్థన కోసం కార్డు మీద రాసిన మాటని నేను "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి" అని పేరుతో పెట్టాను. రెండు రోజుల్లో ఆమెకి మందులు అమ్మేవాళ్ల ఫోన్లు, తెలియని మగవాళ్ల గుడ్ మార్నింగులు, ఆఖరికి ఆడపడుచుకి కూడా సంగతి తెలిసిపోయింది. ఆమె మళ్లీ మా మందిరానికి రాలేదు. నేను ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను, గుమ్మం దగ్గరే "సరేనమ్మా" అంది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తుంటే నా గుండె బరువెక్కుతుంది.

అప్పటినుంచి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ప్రార్థన విన్నపం ప్రార్థన బృందంలోని ఐదుగురికే, నోటితోనే. గ్రూపులో పేర్లతో ఎప్పుడూ పెట్టం. సమయాలు, కూడికల వివరాలు చెప్పడానికి వాట్సాప్ చానెల్ వాడతాం, అందులో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరు కనిపించవు. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా మంచిదే గానీ ఒక లిస్టులో 256 మందే పడతారు, మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. అందుకే మొదటి ఫోన్‌లోనే "ఈ నంబరు సేవ్ చేసుకుంటారా" అని అడగండి. బల్క్ ఎస్సెమ్మెస్‌ల జోలికి వెళ్లకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో సంస్థని, పంపే పేరుని, మెసేజ్ నమూనాని రిజిస్టర్ చేయాలి. మీ సైజు సంఘానికి అంత శ్రమ అక్కర్లేదు.

చట్టం కూడా ఇప్పుడు ఇదే చెబుతోంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. కాగితం మీద రాయించుకుని తర్వాత షీటులోకి ఎక్కించినా అది ఈ చట్టం కిందికే వస్తుంది. ఎందుకు తీసుకుంటున్నామో అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి, వద్దంటే తీసేయాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. సండే స్కూల్ పిల్లల ఫొటోలు, నంబర్లు యూత్ ఫోన్లలో తిరగడం మీ దగ్గరా ఉంటే ముందు అది ఆపండి. మా కార్డు కింద ఒక వాక్యం వేయించాం: "ఈ వివరాలు మిమ్మల్ని పలకరించడానికి మాత్రమే. వద్దంటే చింపేస్తాం." ఏడాది దాటిన కార్డుల్ని నిజంగానే చింపి కాల్చేస్తాం.

అలాగని పేర్లే రాసుకోవద్దని కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరం మూసేసినప్పుడు, యూత్ వాళ్లు ఆరాధన యూట్యూబ్‌లో పెట్టే పనిలో ఉంటే, మేం నలుగురం ఆడవాళ్లం నా నోటు పుస్తకాలు ముందేసుకుని ఫోన్లు మొదలుపెట్టాం. సగం నంబర్లు మారిపోయాయి. కలిసినవాళ్లలో ఒకావిడ ఎన్నో ఏళ్ల కింద రెండే రెండుసార్లు వచ్చింది, అప్పటికి పుట్టింటికి, జగిత్యాల దగ్గరికి వెళ్లిపోయింది. భర్త దుబాయ్‌లో చిక్కుకుపోయాడు, ఇంట్లో బియ్యం అయిపోవచ్చాయి. "నా పేరు ఇంకా మీ దగ్గర ఉందా అమ్మా" అని ఏడ్చింది. అక్కడి సంఘం వాళ్లకి చెప్పి ఆ సాయంత్రమే సరుకులు పంపించగలిగాం. ఆ పుస్తకం లేకపోతే ఆమె నాకు గుర్తే వచ్చేది కాదు. అప్పటినుంచి ప్రతి జనవరిలో, ఉంటామన్నవాళ్ల నంబర్లు ఒక్కొక్కటీ అడిగి సరిచూసి కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం. పుస్తకంలో గడులు ఇవి: తేదీ, పిలిచే పేరు, నంబరు, ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు. "ఎవరు ఫోన్ చేశారు" అనే గడి ఖాళీగా ఉంటే ఆ వారం సంఘ పెద్దల కూడికలో అడుగుతారు. ఆదివారం సాయంత్రం ఒక చిన్న మెసేజ్, మంగళవారం లోపు ఫోన్, వాళ్లు రమ్మంటేనే ఇంటికి. పత్తి తీసే రోజుల్లో, మిర్చి కోసే రోజుల్లో పగలు చేయకండి, చేలో ఉంటారు.

బయట పంచే కార్డుల గురించి మీరు అడిగారు. దారిన పోయేవాళ్ల చేతిలో పెట్టే కరపత్రంతో మందిరానికి వచ్చి నిలిచినవాళ్లు నా పుస్తకాల్లో చాలా తక్కువ. జాతరలకి వెళ్లేవాళ్ల మధ్య, గుళ్ల దగ్గర, బడుల దగ్గర కార్డులు పంచొద్దు. మేడారం వెళ్లేవాళ్లు తమ తల్లులని దర్శించుకోవడానికి వెళ్తున్నారు, ఆ దారిలో మనం అడ్డం నిలబడడం ప్రేమ కాదు. ఆసుపత్రిలో మంచం పక్కన కూడా అంతే. బయట చెట్టు కింద పడుకున్న బంధువులకి టీ, టిఫిన్ ఇవ్వండి, వాళ్లు "మీరెవరు" అని అడిగితే అప్పుడు చెప్పండి.

దానికి బదులు రెండు పనులు చేయండి. మొదటిది, గూగుల్ మ్యాప్స్‌లో మీ మందిరం వివరాలు సరిచేయండి: ఆరాధన సమయం, సంఘం సిమ్ నంబరు, బయటి గేటు ఫొటో. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన కుటుంబం శనివారం రాత్రి ఫోన్‌లో వెతుకుతుంది, మాకు అలా వచ్చినవాళ్లు చాలామంది. రెండోది, మీరు ఏటా చేసేదే. డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం రాసిన వాగ్దాన కార్డులు ఇస్తారు కదా? ఆ కార్డుని ఎవరూ పారేయరు. బైబిల్లో పెట్టుకుంటారు, పర్సులో పెట్టుకుంటారు, దేశం దాటేవాళ్లు పాస్‌పోర్టులో పెట్టుకుంటారు. దాని వెనక ఖాళీగా వదిలేయకుండా సంఘం నంబరు, చిన్న క్యూఆర్ కోడ్, "ఏ వేళ అయినా ఫోన్ చేయండి" అని వేయించండి. ప్రతి కుటుంబానికీ రెండు ఇవ్వండి, ఒకటి వాళ్లకి, ఒకటి కష్టంలో ఉన్న తెలిసినవాళ్లకి. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి మస్కట్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. మా మందిరం ఎప్పుడూ చూడలేదు, రూమ్‌మేట్ దగ్గర ఆ కార్డు చూశాడట.

మీ దగ్గర మిగిలిన కార్డులు పారేయకండి. వెనక వైపు ఒక స్టిక్కర్ అంటించి, చిరునామా, సమయం, సంఘం నంబరు వేసి, మీ విశ్వాసులు తమకి బాగా తెలిసినవాళ్లని ఇంటికి పిలిచినట్టు పిలవడానికి వాడండి. పెద్దలకి చెప్పండి, కార్డు కూడా ఉంటుంది, క్యూఆర్ కూడా ఉంటుంది, రెండూ ఒకే పుస్తకంలోకి వస్తాయని. కానీ ఇవన్నీ వచ్చే నెల. ఈ వారం మాత్రం ఆ ఎనిమిది నంబర్లు తీయండి. అందులో ఆడవాళ్లవి ఎన్నో చూసి ఒక సిస్టర్‌కి ఇవ్వండి. ఆలస్యమైందని ముందు క్షమాపణ అడగమనండి. ఎవరేమన్నారో నాకు కూడా రాయండి, వాళ్ల పేర్లు వద్దు.